అరువు గొంతు

అంతోని పొద్దున్నే లేచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించేవాడు. ఆ గరగర చప్పుడుకే పేటలో పిల్లలు నిద్ర లేచేవాళ్ళు. తర్వాత భార్య దానమ్మ ఇచ్చిన మిరియాల చారు ఒక గ్లాసుడు తాగి, సైకిలెక్కి ఉయ్యూరు బస్టాండు పక్కనున్న షబ్బీర్ మైకుసెట్ల షాపుకి పోయేవాడు. షబ్బీర్ అప్పటికే ఆటో మీద లౌడ్‌స్పీకర్లు కట్టి, బ్యాటరీ తగిలించి సిద్ధంగా ఉండేవాడు. ఇద్దరూ కలిసి పామర్రు దాకా, ఒక్కోసారి బెజవాడ దాకా తిరిగేవాళ్ళు. కొత్త సినిమా అయినా, చీరల మీద తగ్గింపు ధరలయినా, కంటి ఆపరేషన్ల క్యాంపు అయినా జనం అంతోని నోటి నుంచే వినాలి.

ఏటా ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లల పేర్లు పిలిచేది కూడా అతనే. "ఏడవకు నాన్నా, మీ అమ్మ వస్తోంది" అని మైకులో అన్నాడంటే, ఎక్కడో కొండమెట్ల మీద నిలబడి ఏడుస్తున్న పిల్లాడు ఠక్కున ఊరుకునేవాడు. కరెంటు పోయినా ఫరవాలేదు, అతని మాట కొండ దిగి రోడ్డు దాకా వచ్చేది. కంచు మోగినట్టుండే గొంతు.

అలాంటి రోజుల్లో, తొంభైనాలుగు ఎలక్షన్లకి రైసుమిల్లు వెంకటప్పయ్యకి ఎమ్మెల్యే టికెట్టొచ్చింది.

వెంకటప్పయ్యకి మిల్లుంది, మనుషులున్నారు, మల్లెపువ్వులాంటి ఖద్దరు చొక్కాలున్నాయి. లేనిదల్లా గొంతే. ఖాళీ బిందెని గచ్చు మీద ఈడ్చినట్టుండేది. మొదటి మీటింగులో ఆయన "సోదర సోదరీమణులారా" అనగానే ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మర్నాడు పేపర్లో ఆ సంగతి రాలేదు గానీ, ప్రతి టీకొట్టు దగ్గరా అదే మాట.

ఆ వారంలోనే వెంకటప్పయ్య అంతోని ఉండే పేటకి వచ్చాడు. ఆ పేటకి రావాలంటే మెయిన్ రోడ్డు దిగి మురుగు డ్రెయిను దాటాలి. దాని మీద రెండు తాటిదుంగలు వేసుంటాయి. వానాకాలంలో అవీ కొట్టుకుపోతాయి. పేటవాళ్ళ సమాధుల తోట రోడ్డువైపు గట్టున ఉంది. వానల్లో ఎవరైనా పోతే, పెట్టెని తలల మీద పెట్టుకుని మెడలోతు నీళ్ళలో దాటించాల్సిందే.

అంతోని వాకిట్లో కుర్చీ వేశారు. వెంకటప్పయ్య కూర్చుని సూటిగా అడిగాడు.

"అంతోనీ, ఎలక్షన్ అయ్యేదాకా నీ గొంతు నాకియ్యరా. గెలవగానే నీది నీకిచ్చేస్తాను. మీ డ్రెయిను మీద వంతెన కట్టించే పూచీ నాది."

అంతోని తల గోక్కున్నాడు. "నాకు కూడు పెట్టేది అదేనండీ బాబుగారూ."

"ఎన్నాళ్ళురా? నెల తిరక్కుండా వచ్చేస్తుంది."

ఆ డెల్టాలో ఒకళ్ళది ఒకళ్ళు అరువు తీసుకోవడం కొత్త కాదు. దుక్కికి ఎడ్లనిస్తారు, పెళ్ళికి గంగాళాలిస్తారు, చూపులకి నగలిస్తారు. గొంతు ఇవ్వడమేమిటని ఎవరూ అనుకోలేదు. వాడుకుని తిరిగిస్తాడా అన్నదొక్కటే వాళ్ళ అనుమానం. పేట పెద్దలు అంతోనిని పక్కకి పిలిచి, వంతెనొస్తే అందరికీ మేలు కదా అన్నారు. అంతోని తల్లి అమలమ్మ అరుగు మీద కూర్చుని, "నేను పోయినప్పుడు నన్ను నీళ్ళలో ఈడ్చుకుపోకుండా ఉంటే చాల్రా అయ్యా" అంది. తమ్ముడు శౌరయ్య మాత్రం, "వద్దన్నా. మిల్లులో తూకమే సరిగ్గా వెయ్యడు, గొంతేం తిరిగిస్తాడు?" అన్నాడు. వాడు చిన్నవాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"సరే, ఇచ్చానండీ" అన్నాడు అంతోని.

అంతే. మళ్ళీ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

"సంతోషం అంతోనీ!" అన్నాడు వెంకటప్పయ్య. లోపల పొయ్యి దగ్గరున్న దానమ్మ, మొగుడు తనని తానే పేరుపెట్టి పిలుచుకుంటున్నాడేమిటా అని బయటికి తొంగి చూసింది.

వెంకటప్పయ్య గెలిచాడు. అవతలివాడి దగ్గర లారీలున్నాయి, సినిమావాళ్ళున్నారు. అయినా వెంకటప్పయ్య నోరు విప్పితే కోతలు కోసే ఆడవాళ్ళు గట్టెక్కి నిలబడి మరీ విన్నారు. "ఎన్ని సార్లు విన్నా మన అంతోని పిలిచినట్టే ఉంటుంది" అనుకుంటూ ఓట్లు వేశారు.

ఊరేగింపు అయిపోయిన మర్నాడు అంతోని మిల్లు దగ్గరికి వెళ్ళి, తన గొంతు మీద వేలు పెట్టి చూపించాడు. వెంకటప్పయ్య భుజం తట్టాడు. "ఇస్తానురా. ప్రమాణ స్వీకారం కానీ. అక్కడ ఆ బొంగురు గొంతుతో చదివితే మన జిల్లా పరువేం కావాలి?" ప్రమాణ స్వీకారం అయ్యాక, అసెంబ్లీలో మొదటిసారి మాట్లాడాక ఇస్తానన్నాడు. అది కూడా అయ్యాక, నీళ్ళ కోసం ఢిల్లీ పోతున్నాం, వచ్చాక ఇస్తానన్నాడు. చివరికి గుమాస్తా గేటు దగ్గరే ఆపేసి, "సార్ ఇస్తానన్నారుగా, పో" అనడం మొదలుపెట్టాడు.

షబ్బీర్ దగ్గర అంతోని పాత క్యాసెట్లుండేవి. కనీసం వాటితోనైనా పని నడుపుదామని వేసి చూస్తే, వాటిలోంచి కూడా గొంతు పోయింది. టేపు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. షబ్బీర్ కళ్ళు తుడుచుకుని ఇంకో మనిషిని పెట్టుకున్నాడు. అంతోని దానమ్మతో పాటు చెరుకు నరకడానికి పోయాడు. సీజన్లో ఫ్యాక్టరీ దగ్గర బళ్ళు దింపేవాడు. ఆ సంక్రాంతి దాటాక కూతురు పుట్టింది. జెస్సికా అని పేరు పెట్టారు. అంతోని దాన్ని చిటికేసి పిలిచేవాడు, చప్పట్లు కొట్టి నిద్రపుచ్చేవాడు. ఆ పిల్ల మాటల కంటే ముందు తండ్రి చేతి సైగలు నేర్చుకుంది.

ఒక చలికాలం అంతోనికి జ్వరమొచ్చి గొంతు వాచింది. ఆ పొద్దునే బెజవాడ నుంచి కారొచ్చి డ్రెయిను అవతల ఆగింది. డాక్టరు ప్యాంటు పైకి మడుచుకుని దుంగల మీద నడిచొచ్చాడు. అంతోని నోట్లో టార్చి వేసి చూసి, సూది వేసి, పసుపు పాలు తాగించమని చెప్పి వెళ్ళాడు. అసెంబ్లీలో ఎమ్మెల్యేగారి గొంతు బొంగురుపోయిందట. అప్పుడర్థమయింది దానమ్మకి.

"ఏమయ్యా, కొమ్మ అక్కడున్నా వేరు నీ దగ్గరే ఉంది" అంది.

తొంభైతొమ్మిదిలో మళ్ళీ ఎలక్షన్లొచ్చాయి. వెంకటప్పయ్య ప్రచారం జీపు రోడ్డు మీద పోతూ ఉంటే దానమ్మ కూతురిని ఎత్తుకుని గట్టు మీద నిలబడింది. "అదిగో, అది మీ నాన్న గొంతే" అని చూపించింది. పిల్లకి సగమే అర్థమయింది. చంక దిగి దుంగల మీదుగా పరుగెత్తుకెళ్ళి, జీపు వెనకాల "నాన్నా! నాన్నా!" అని అరుస్తూ వెంటపడింది. జీపు ఆగింది. వెంకటప్పయ్య వంగి పిల్ల బుగ్గ గిల్లి, వాళ్ళ నాన్న గొంతుతోనే, "ఏ పేట పాపవమ్మా నువ్వు? చీమిడి తుడుచుకో" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

దానమ్మ నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే పచ్చి చింతకాయలు ఉప్పూ కారంతో దంచి మొగుడికి పెట్టింది. పుల్ల ఐసు వరసగా కొనిపెట్టింది. అంతోని కళ్ళలో నీళ్ళు కారుతున్నా నవ్వుకుంటూ తిన్నాడు. సాయంత్రం పామర్రు మీటింగులో వెంకటప్పయ్య దగ్గుతూనే ఉన్నాడు. మర్నాడు జీపొచ్చి అంతోనిని ఎక్కించుకుపోయింది. మిల్లు వెనక గదిలో మంచం వేసి, మెడకి మఫ్లరు చుట్టి, మిరియాల పాలు, తేనె, వేడినీళ్ళు ఇస్తూ ఓట్లు పడేదాకా మనిషిని కాపలా పెట్టారు. వెంకటప్పయ్య మళ్ళీ గెలిచాడు. అంతోని కాస్త ఒళ్ళు చేసి ఇంటికొచ్చాడు. గొంతు రాలేదు. వంతెనా రాలేదు.

తర్వాత ఒక ఏడు, కార్తీకంలో వాయుగుండం పట్టింది. కోతకొచ్చిన చేలు పడిపోయాయి. డ్రెయిను గట్లు తెంచుకుని పారింది. ఆ వానలో అమలమ్మ పోయింది.

ఒక రోజు ఆగి చూశారు. వాన తగ్గలేదు. ఇక ఉంచడానికి లేక, అటో తాడు ఇటో తాడు కట్టి, పెట్టెని తలల మీదికెత్తుకుని మగవాళ్ళు నీళ్ళలోకి దిగారు. శౌరయ్య అందరికంటే ముందున్నాడు. పెట్టెని పట్టుకుని వెనక్కి నడుస్తూ, అన్న వైపే చూస్తూ, "నెమ్మదిగా అన్నా, ఇక్కడ గుంటుంది" అని చెబుతున్నాడు. అప్పుడు అంతోని చూశాడు. పైనుంచి వేళ్ళతో సహా పెకిలిన తుమ్మచెట్టొకటి నీళ్ళలో దొర్లుతూ వస్తోంది. మిగతావాళ్ళు తలలు వంచి పెట్టె మోస్తున్నారు. ప్రవాహానికి ఎదురుగా ఏటవాలుగా దాటుతుండటంతో శౌరయ్య వీపు దానివైపు ఉంది.

అంతోని నోరంతా తెరిచి అరిచాడు.

అదే సమయానికి బెజవాడలో ఒక కళ్యాణమండపంలో వెంకటప్పయ్యకి సన్మానం జరుగుతోంది. శాలువా కప్పించుకుని మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి, "తమ్ముడూ, చెట్టు! వెనక చెట్టు!" అని హాలు అదిరిపోయేలా కేక పెట్టాడు. జనమంతా ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశారు. అక్కడేం లేదు. వెంకటప్పయ్య మంచినీళ్ళు తాగి, "పచ్చదనం గురించి చెబుతున్నానండీ" అని సర్దుకుని మళ్ళీ మాట్లాడాడు.

పెట్టె తాడుకి తట్టుకుని ఆగింది. శౌరయ్య ఆగలేదు. మర్నాడు కింద చెరుకుతోటల దగ్గర, గుర్రపుడెక్క మొక్కల్లో దొరికాడు.

ఎమ్మెల్యే పరామర్శకి వచ్చాడు. నీళ్ళు తీస్తున్నాయి, ఆయన్ని పడవలో తీసుకొచ్చారు. శవం ముందు నిలబడి, షబ్బీర్ తెచ్చిన మైకు పట్టుకుని, "నా తమ్ముడు శౌరయ్య..." అన్నాడు. "నా చేతుల్లో పెరిగిన నా తమ్ముడు..." అని పెద్దగా ఏడ్చాడు. ఆ మాటకి పేటంతా ఒక్కసారిగా భోరుమంది. అప్పటిదాకా ఏడవనివాళ్ళు కూడా ఏడ్చారు. అది అంతోని గొంతు. అన్న తమ్ముడి కోసం ఏడుస్తున్నట్టే ఉంది. అన్న మాత్రం పక్కన నేల మీద కూర్చుని, తన ఏడుపుని ఇంకొకడు ఏడుస్తుంటే చూస్తున్నాడు. జెస్సికా రెండు చెవులూ గట్టిగా మూసుకుని తల్లి కాళ్ళ మధ్య దూరింది.

"వంతెన కట్టిస్తాను. నా మాట ఇది," అని చెప్పి వెంకటప్పయ్య పడవెక్కాడు.

సన్మానంలో పెట్టిన కేక సంగతి ఊళ్ళన్నీ తిరిగి పేటకి చేరింది. ఆ తర్వాత అంతోని మారిపోయాడు. చెరుకు నరికేటప్పుడు కత్తి అవసరానికి మించి లోతుగా దిగేది. రెండువేల నాలుగులో ఎలక్షన్లు ప్రకటించగానే దానమ్మ, "పుల్ల ఐసు తెమ్మంటావా?" అని అడిగింది. అంతోని తల అడ్డంగా ఊపాడు. గొంతు దగ్గర పిడికిలి పెట్టి, మొక్కని వేళ్ళతో సహా పెకిలించినట్టు లాగి చూపించాడు. మొత్తం కావాలి. మళ్ళీ ఆ మనిషి నోరెత్తకూడదు.

దానమ్మ ఎన్నో రోజులు అదే ఆలోచించింది. ఒకరోజు షబ్బీర్ షాపుకి వెళ్ళింది.

"అన్నా, ఇన్నేళ్ళూ ఆయన 'ఇస్తాను' అంటున్నాడు. ఎప్పుడడిగినా అదే. మా ఆయన మాత్రం ఆ రోజు 'ఇచ్చాను' అన్నాడు. అనగానే పోయింది."

షబ్బీర్ చేతిలో వైరు పక్కన పెట్టాడు. "అంటే ఆయన చేత ఆ మాట అనిపించాలంటావా చెల్లెమ్మా?"

"ఉత్తప్పుడు అనడు. తెలివైనవాడు. మీటింగులో అంటాడు. అక్కడ ఆయనకి ఒళ్ళు తెలీదు."

నాట్ల ముఠాకి పెద్ద సంపూర్ణమ్మని తోడు తీసుకుని దానమ్మ ఊరూరా ఆడవాళ్ళ దగ్గరికి తిరిగింది. ప్రచారం మొదలవగానే మిల్లు జీపు మళ్ళీ వచ్చింది. ఈసారి అంతోని తనే మఫ్లరు చుట్టుకుని ఎక్కి కూర్చున్నాడు.

ఉయ్యూరులో పెద్ద మీటింగు. హైదరాబాదు నుంచి పార్టీ నాయకుడొచ్చి స్టేజీ మీద కూర్చున్నాడు. గెలిస్తే వెంకటప్పయ్యకి మంత్రి పదవి ఖాయమని అందరూ అనుకుంటున్నారు. మైకుసెట్టు షబ్బీర్‌దే. ముందు వరసలన్నీ ఆడవాళ్ళు.

వెంకటప్పయ్య ఊపు మీదున్నాడు. "అడగండమ్మా! మీ వెంకటప్పయ్య మీకేమివ్వలేదో మీరే అడగండి!"

సంపూర్ణమ్మ లేచింది. "మాకు కుళాయిలు?"

"ఇచ్చాను!" చప్పట్లు.

"ముసలాళ్ళకి పింఛన్లు?"

"ఇచ్చాను!"

"చెరుక్కి గిట్టుబాటు ధర?"

"ఇచ్చాను!" ఈసారి మగవాళ్ళలో కొందరు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కార్యకర్తలు ఈలలు వేశారు. నాయకుడు మెచ్చుకోలుగా తల ఊపుతున్నాడు.

"పేట డ్రెయిను మీద వంతెన?"

వెంకటప్పయ్య ఒక్క క్షణం ఆగి నాయకుడి వైపు చూశాడు. "ఇచ్చాను!"

చప్పట్లు తగ్గకముందే దానమ్మ లేచింది. "అంతోని గొంతు?"

"ఇచ్చాను! ఎప్పుడో ఇచ్చేశాను!"

మొదటి మాట కంచులా మోగింది. రెండోది చీలిపోయిన సన్నటి కూతలా వచ్చింది. షబ్బీర్ వాల్యూం ఆఖరికంటా తిప్పాడు. వెంకటప్పయ్య గొంతు పట్టుకుని, "సోదర... సోదరీ..." అన్నాడు. ఆ గీరుడు ఉయ్యూరు సెంటరంతా వినపడింది. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నవ్వు వెనక వరసల దాకా పాకింది. నాయకుడు వాచీ చూసుకున్నాడు.

అక్కడ మిల్లు వెనక గదిలో కాపలా మనిషి, "పాలు తాగవయ్యా, చల్లారిపోతున్నాయి" అన్నాడు.

"అక్కర్లేదు" అన్నాడు అంతోని.

ఎమ్మెల్యేగారి గొంతు వినపడేసరికి కాపలా మనిషి అలవాటుగా లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంతోని మఫ్లరు తీసి మంచం మీద పడేసి, అతని ముందునుంచే నడిచి బయటికొచ్చాడు.

ఇంటికొచ్చి "దానమ్మా" అని పిలిచాడు. ఆమె గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. అంతోని లోపలికి చూసి, "జెస్సికా" అన్నాడు. పిల్ల చెవులు మూసుకుని మంచం కిందికి దూరింది. ఆ గొంతంటే దానికి తెలిసింది ఒక్కటే. చీమిడి తుడుచుకోమన్న గొంతు, బాబాయి శవం దగ్గర ఏడ్చిన గొంతు.  అంతోని వంగి, ఎప్పటిలాగే చిటికేశాడు. అప్పుడొచ్చింది.

ఆ రోజునుంచి ఇంట్లో సైగలు, మరీ అవసరమైతే గుసగుసలు. గొంతంతా వీధికే. పోలింగింకా దూరముంది. అంతోని షబ్బీర్ ఆటో ఎక్కి ఊరూరా తిరిగాడు. ఏ పార్టీకీ ఓటెయ్యమని అడగలేదు. "నేను అంతోనిని. మా తమ్ముడు శౌరయ్య ఎలా పోయాడో చెబుతాను, వినండి" అని మొదలుపెట్టేవాడు. చెట్టు సంగతి, కేక సంగతి, ఆ కేక ఎక్కడికి పోయిందన్న సంగతి చెప్పేవాడు. నీళ్ళ బిందెలు నడుం మీదే ఉంచుకుని ఆడవాళ్ళు చివరికంటా వినేవాళ్ళు. వెంకటప్పయ్య జీపు ఎదురొస్తే అంతోని ఆటో ఆపించి, జీపు వెళ్ళిపోయేదాకా ఇంకాస్త గట్టిగా చెప్పేవాడు. వెంకటప్పయ్య జీపులో తల దించుకుని, నోరు విప్పకుండా చేతులు మాత్రం ఊపుతూ పోయేవాడు.

వెంకటప్పయ్యకి సొంత ఊళ్ళో కూడా ఓట్లు పడలేదు. కౌంటింగు సగంలోనే ఆయన వెనక గేటు నుంచి వెళ్ళిపోయాడని షబ్బీర్ వచ్చి చెప్పాడు. అంతోని విని, "బాగుంది" అని మాత్రం గుసగుసగా అన్నాడు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం డ్రెయిను అవతల కారాగింది. వెంకటప్పయ్య ఒక్కడే దిగాడు. దుంగలు అప్పటికే కొట్టుకుపోయాయి. ఆయన గట్టు చివర నిలబడి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని ఏదో అన్నాడు. నీళ్ళ హోరులో ఏమీ వినపడలేదు.

"మళ్ళీ గొంతడగడానికే వచ్చుంటాడు" అంది దానమ్మ.

అంతోని గట్టు మీదికి నడిచాడు. ఇన్నాళ్ళూ వీధిలో దాచుకోకుండా వాడిన గొంతుని ఇప్పుడు ఇంటి ముందు ఎత్తాడు. "ఏం కావాలండీ వెంకటప్పయ్య గారూ? గట్టిగా చెప్పండి!"

అవతల మనిషి మళ్ళీ అరిచాడు. మెడ నరాలు ఉబ్బడం కనపడుతోంది.

"వినపడటం లేదండీ! ఇంకా గట్టిగా!"

పేటంతా వచ్చి గట్టు మీద నిలబడింది. ఒక్కళ్ళూ నవ్వలేదు. వెంకటప్పయ్య అరుస్తూనే ఉన్నాడు. అంతోని ప్రతిసారీ మర్యాదగా, అదే మాట అడుగుతూనే ఉన్నాడు. చీకటి పడే ముందు ఆ సన్నటి గొంతులో ఏదో తెగింది. వెంకటప్పయ్య పెదాలు కదులుతున్నాయి గానీ, వాటిలోంచి గాలి కూడా వచ్చినట్టు లేదు. ఆ తర్వాత ఆయన ఎన్ని ఆసుపత్రులు తిరిగినా అది రాలేదు. మిల్లులో కూలీలకి చేతులూపి పనులు చెబుతాడని, వాళ్ళు అర్థం కానట్టు నటిస్తారని చెప్పుకుంటారు.

ఆ సాయంత్రం ఆయన కారు వైపు తిరుగుతుండగా జెస్సికా తండ్రి పక్కకొచ్చి నిలబడింది. చేతులు చెవుల మీద లేవు.

"నాన్నా, నన్ను పిలువు" అంది. "ఇందాకట్లా. గుసగుసగా కాదు."

పక్కనే ఉన్న కూతుర్ని అంతోని పొలాల అవతల ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచాడు. కారు తలుపు మీద చెయ్యి వేసిన వెంకటప్పయ్య వెనక్కి తిరిగి చూశాడు.

"ఆఁ నాన్నా!" అని అంతే గట్టిగా పలికింది జెస్సికా.